అక్క ఫోనుకొచ్చే నంబరు

"డబ్బు పడిందండీ" అంటారు కస్టమర్లు. ఫోను తిప్పి నా మొహం ముందు పెడతారు. అందులో ఆకుపచ్చ టిక్కు ఉంటుంది, కాదనను. అలాంటి టిక్కులు నేనూ పెడతాను, సుద్దముక్కతో, ప్యాంట్ల మీద. నా వైపు పడితేనే పడినట్టు. "ఉండండి, చూసి చెప్తాను" అని యాప్ తెరుస్తాను. అది నన్ను గుర్తుపట్టదు. నిన్న తెరిచింది నేనే, మొన్న తెరిచిందీ నేనే, అయినా సరే ఎవరో దొంగ జొరబడినట్టు, "మీ నంబరుకి ఓటీపీ పంపాం" అంటుంది. ఆ నంబరు నాది కాదు. మా అక్కది.

మా అక్కకీ నాకూ మాటల్లేవు.

మాది బట్టలు సరిచేసే కొట్టు. కొత్తవి కుట్టం. జనం కొనుక్కున్నవాటిని వాళ్ళ ఒంటికి సరిపోయేలా చేస్తాం. ప్యాంటు పొడవు తగ్గించడం, నడుం దగ్గర వదులు చెయ్యడం, ఊడిన జిప్పు మార్చడం, కోటుకి లోపలి గుడ్డ వెయ్యడం, ఇలాంటివి. అక్కా నేనూ కలిసి పెట్టుకున్నాం. అది ముందు కౌంటర్లో, నేను వెనక మిషను దగ్గర. మనుషులతో వేగడం దాని వంతు, గుడ్డతో వేగడం నా వంతు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నన్ను కస్టమర్లకి కనిపించనిచ్చేది కాదు. "నువ్వు వెనకే ఉండవే తల్లీ, నీ మొహం చూస్తే లోపలికొచ్చినవాళ్ళు కూడా పారిపోతారు" అనేది. అబద్ధమేమీ కాదు.

కొలతలు తీసేటప్పుడు మాకొక పద్ధతి ఉండేది. బట్టలు మార్చుకునే తెర పక్కన అది టేపు పట్టుకుని కొలత గట్టిగా చెప్పేది. నేను ఆ కొలత మళ్ళీ గట్టిగా అంటూ గుడ్డ మీద గీత గీసేదాన్ని. "ఇరవై తొమ్మిదిన్నర!" "ఇరవై తొమ్మిదిన్నర." నేను తిరిగి అనకపోతే టేపు అక్కడినుంచి కదిలేది కాదు. కొట్టు పెట్టిన కొత్తలో ఒకాయన ప్యాంటు పిక్కల దగ్గరే ఆగిపోయింది. చెప్పినదాని తప్పా విన్నదాని తప్పా అన్నది ఇప్పటికీ తేలలేదు. అప్పట్నుంచి ఈ పద్ధతి. కస్టమర్ చేతులు చాపుకుని బొమ్మలా నిలబడితే, ఆయన తల మీదుగా మేమిద్దరం అంకెలు విసురుకుంటూ ఉండేవాళ్ళం.

ఆ తర్వాత కోటాయన వచ్చాడు.

పేరుంది ఆయనకి, నేను పలకను. భార్య పోయి చాలా కాలమైంది. కోటు లోపలి గుడ్డ చిరిగిందని తెచ్చాడు. మార్చి ఇచ్చాను. మళ్ళీ వారం గుండీ వదులైందని తెచ్చాడు. గట్టిగానే ఉంది. అయినా పెద్దమనిషి అడిగాడు కదా అని విప్పి మళ్ళీ కుట్టాను. పై వారం ఇంకో గుండీ. వెర్రిమొహాన్ని, ఒక్కొక్కటీ విప్పి, ఒక్కొక్కటీ కుట్టి ఇచ్చాను. ఆ కోటుకి ఎన్ని గుండీలున్నాయో అన్నీ నా చేత్తో కుట్టించుకుని, మా అక్కని తీసుకుపోయాడు.

తీసుకుపోయినందుకు కాదు నా ఏడుపు. యాభై దాటాక పెళ్ళి చేసుకోకూడదని ఎక్కడా రాసిలేదు. కానీ ఆ సంగతి నాకు అది చెప్పలేదు. జిప్పు మార్పించుకోవడానికి వచ్చిన ఒకావిడ చెప్పింది. "మీ అక్కగారి పెళ్ళటగా, చాలా సంతోషమండీ!" అంది. జిప్పు సగం దాకా లాగి అలాగే ఉండిపోయాను. పక్క గదిలో పడుకునే మనిషి, ఒకే గిన్నెలో వండుకుని తినే మనిషి. ఊరందరికీ చెప్పుకుని, నా దగ్గర నోరు కుట్టేసుకుంది.

"నీకు చెప్తే అరుస్తావని" అంది.

"చెప్పకపోతే అరవననుకున్నావా?" అని అరిచాను.

అంతే. డబ్బు గొడవ కాదు, వాటాల గొడవ కాదు. మిషన్లూ కొట్టూ అన్నీ వదిలేసి ఒక పెట్టె సర్దుకుని వెళ్ళిపోయింది. ఆయన సొంతూరికి, రైల్లో సగం రోజు దూరం. రిజిస్ట్రారాఫీసులో సంతకాలు పెట్టి పెళ్ళి చేసుకున్నారట. నేను వెళ్ళలేదు. వెళ్ళాక అది ఫోను చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ముందు ఎవరు చేస్తారో చూద్దామన్నట్టు ఇద్దరం బిగుసుకుని కూర్చున్నాం.

ఇక్కడ కౌంటరూ నేనే, మిషనూ నేనే. తెర పక్కన టేపు పట్టుకుని అలవాటు కొద్దీ "ముప్పై నాలుగు!" అని అరిచేదాన్ని. తిరిగి అనేవాళ్ళెవరూ లేరు. ఒకసారి ఒకాయన పాపం బెదిరిపోయి, "ముప్పై నాలుగా? అంత పెరిగానా?" అన్నాడు. నవ్వొచ్చింది. లోపలికొచ్చి మిషను ముందు కూర్చునేసరికి ఆ నవ్వు పోయింది. ఈ మాట చెప్పుకోవడానికి పక్కన మనిషి లేదు.

సాయంత్రం షట్టరు దించి వెనక గదిలోకి వెళ్తే అసలు సంగతి తెలిసేది. వండాలనిపించదు. ఒక్కదానికోసం ఏం వండుతాం? టీవీ పెడితే అందులోవాళ్ళు వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకుంటారు. పొద్దున్నుంచి నేనాడిన మాటలు లెక్కపెడితే "రేపు రండి", "ఎల్లుండి రండి", "అంతకి తక్కువ రాదు", ఇంతే తేలేది. నాకు చాలా ఒంటరిగా ఉండేది. అది వెళ్ళిన రోజే నాకు చేతనైన మాటలన్నీ మూటగట్టుకుపోయినట్టుండేది. కోపం మాత్రం తగ్గలేదు. ఆ రెండూ ఒకే కడుపులో ఎలా పట్టాయో నాకే తెలీదు.

డబ్బు కట్టడానికి స్కాన్ చేసే స్టిక్కరు అక్క ఉన్నప్పుడే అంటించింది. కౌంటరు దానిది కాబట్టి నంబరూ దానిదే ఇచ్చింది. వెళ్ళేటప్పుడు మార్చాలని దానికీ తోచలేదు, నాకూ తోచలేదు. ఒకరోజు పొద్దున్నే యాప్ తెరిస్తే ఓటీపీ అడిగింది. కస్టమర్ ఎదురుగా నిలబడి ఉన్నాడు, ఆఫీసుకి టైమైపోతోందని కాలు ఆడిస్తున్నాడు. తప్పలేదు. ఫోను చేశాను.

ఒక్క రింగుకే ఎత్తింది. మెసేజ్ ముందే వెళ్ళిందిగా, వెనకే నేను చేస్తానని తెలుసు దానికి.

"నంబరు" అన్నాను.

"నలభై ఏడు" అంది.

"నలభై ఏడు" అన్నాను. అనాలనుకోలేదు. నోరే అనేసింది.

"సున్నా మూడు."

"సున్నా మూడు."

"తొంభై ఒకటి."

"తొంభై ఒకటి."

పెట్టేశాం. ఎలా ఉన్నావని అదీ అడగలేదు, నేనూ అడగలేదు. ఆ రోజు కుట్టిన కుట్లన్నీ తిన్నగా వచ్చాయి.

తర్వాత జరిగింది చెప్తే నవ్వుతారు. నవ్వండి. యాప్‌లో ఒక మూల 'లాగౌట్' అని ఉంటుందని కనిపెట్టాను. అది నొక్కితే బయటికి తోసేస్తుంది. మళ్ళీ లోపలికి వెళ్ళాలంటే ఓటీపీ కావాలి. ఓటీపీ కావాలంటే అక్కకి ఫోను చెయ్యాలి. చెయ్యకపోతే వ్యాపారం ఎలా నడుస్తుంది మరి? పని మీద చేసిన ఫోను, అంతే. మాట్లాడాలని కాదు. మొదట్లో వారానికోసారి నొక్కేదాన్ని. తర్వాత మనసు బాగాలేని రోజున నొక్కేదాన్ని. తర్వాత మనసు బాగాలేని రోజులే ఎక్కువయ్యాయి.

ఎప్పుడూ ఆరు అంకెలే, రెండేసి చొప్పున. కానీ ఆ కాస్తలోనే ఎంతో తెలిసేది. గొంతు బొంగురుపోయుంటే జలుబు చేసిందని తెలిసేది. వెనక కాకులు అరుస్తుంటే డాబా మీద ఉందని తెలిసేది. ఒకసారి వెనకనుంచి ఆయన నవ్వు వినబడింది. ఆ రోజంతా ఒళ్ళు మండుతూనే ఉంది. ఇంకోసారి ఆఖరి అంకెలు చెప్పాక అది పెట్టెయ్యలేదు. నేనూ పెట్టెయ్యలేదు. దాని ఊపిరి వినబడుతోంది. ఏదో అంటుందని చూశాను. నేనేదో అంటానని అదీ చూసుంటుంది. ఇంతలో ఎవరో "జిప్పు అయిందా అండీ" అని లోపలికొచ్చారు.

ఇలా నడుస్తుండగా పేమెంట్లమ్మాయి వచ్చింది.

ఆ స్టిక్కరు కంపెనీ మనిషి. ముప్పై ఏళ్ళుంటాయి. భుజాన బరువైన సంచీ, మెళ్ళో కార్డు, మొహాన చెరగని నవ్వు. "నమస్తే ఆంటీ" అంది.

"ఆంటీ ఎవరు? నువ్వు నా కొట్టుకొచ్చావా, మా ఇంటికి భోజనానికొచ్చావా?"

"సారీ మేడమ్" అంది, నవ్వు చెరక్కుండానే. అదే నచ్చింది. కూర్చోమన్నాను.

సంచీలోంచి ఒక్కొక్కటీ తీసి కౌంటర్ మీద పేర్చింది. ఒకటి మాట్లాడే డబ్బా. డబ్బు పడగానే ఇంత పడిందని అదే పైకి చెప్తుంది, యాప్ తెరిచే పనే ఉండదు. ఇంకోటి కార్డు గీకే మిషను. ఇవి కాక లింకు పంపే ఏర్పాటు ఉందట. కస్టమర్ ఇంట్లో కూర్చునే ముందుగా కట్టేస్తాడు, బట్టలు ఎవరిచేతో పంపుతాడు. ఇంకా నెలనెలా దానంతటదే ఖాతాలోంచి వచ్చేసే ఏర్పాటు ఒకటి, పెద్ద ఆర్డర్లవాళ్ళకి.

"అయితే మనిషి రాకుండానే పని, మనిషి లేకుండానే డబ్బు" అన్నాను.

"అవును మేడమ్! ఎంత సుఖమో!" అంది.

"సుఖమే. ఇంకో ఏడాది ఆగితే నేను కూడా అక్కర్లేదేమో."

ఆ మాటకి నవ్వాలో వద్దో తెలీక కాగితాలు సర్దుకుంది. నేనూ తగ్గాను. ఆ పిల్ల చెప్పేది తప్పేమీ కాదు. నేను యాప్ తెరవడం, ఫోను చెయ్యడం, అంకెలు రాసుకోవడం, ఇదంతా చూసి విసిగి వెళ్ళిపోయినవాళ్ళు ఉన్నారు. "పక్క వీధిలో ఐతే టింగుమని మోగుతుందండీ" అని మొహం మీదే అన్నాడొకడు. దానికి తోడు పెద్దాసుపత్రి నర్సుల బట్టలన్నీ నాకిస్తామంటున్నారు, బిల్లు లింకులో పంపి నెలాఖర్న ఒకేసారి తీసుకునేట్టయితేనే. ఆ పని దొరికితే కొట్టు నిలుస్తుంది. లేకపోతే వచ్చే ఏడాదికి షట్టరు దించుకోవాల్సిందే, అద్దె అంతలా పెరిగింది.

"ఏది కావాలన్నా ముందు నంబరు మార్చాలి మేడమ్" అంది. "ఖాతా మీద ఉన్న ఫోను కొట్టులోనే ఉండాలని కొత్త రూలు. మార్చకపోతే నెలాఖరుకి ఈ స్టిక్కరు కూడా పనిచెయ్యదు. నంబరు మీదైపోతే ఇక ఓటీపీ మీకే వస్తుంది. ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు."

మెళ్ళో టేపు తీసి వేలికి చుట్టుకున్నాను.

"మా అక్క ఊళ్ళో లేదు" అన్నాను.

"ఉండక్కర్లేదు మేడమ్, ఫోన్లో చెప్తే చాలు."

"స్టిక్కరు ఎందుకు, క్యాష్ తీసుకుంటాను."

"క్యాష్ ఎవరి జేబులో ఉంది మేడమ్ ఈ రోజుల్లో?"

"ఆలోచించుకుని చెప్తాలే."

ఆ పిల్ల తన ఫోన్లో ఏదో చూసి కనుబొమలు ముడిచింది. "మీ ఖాతాలో ఏదో తేడా ఉంది మేడమ్. లాగౌట్లు చాలా ఎక్కువున్నాయి. ఎవరో కావాలని నొక్కుతున్నట్టుంది."

చెవులు వేడెక్కాయి. "ఎలుకలున్నాయి కొట్లో" అన్నాను.

ఆమె నా వంక చూసింది. డబ్బా ఒకటి కౌంటర్ మీద వదిలి, మళ్ళీ వస్తానని వెళ్ళింది.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ వాయిదా వేశాను. తల నొప్పన్నాను, పని ఎక్కువగా ఉందన్నాను. మిషను మీద వంగి కూర్చుని ఇదే లెక్క. నంబరు మార్చానా, కొట్టు నిలుస్తుంది, అక్క గొంతు పోతుంది. మార్చలేదా, స్టిక్కరుతో పాటే ఆ ఓటీపీలూ ఆగిపోతాయి, కొట్టూ పోతుంది, గొంతూ పోతుంది. ఎటు చూసినా అది పోయేదే. ఆ సంగతి తెలిసి కూడా నెలాఖరు దాకా సాగదీశాను, ఇంకొక్కసారి వినొచ్చని. ఆ ఆఖరి వారంలో లాగౌట్ ఎన్నిసార్లు నొక్కానో నన్నడగొద్దు.

ఆఖరికి నర్సుల తరఫున వచ్చినావిడ, "రేపటికి తేల్చండి, లేకపోతే వేరేవాళ్ళకిచ్చేస్తాం" అని బట్టల మూట కౌంటర్ మీద పెట్టి మరీ చెప్పి వెళ్ళింది. పేమెంట్లమ్మాయికి నేనే కబురు పెట్టాను.

స్టూలు మీద కూర్చుంది. అన్నీ ఎంచుకున్నాను. మాట్లాడే డబ్బా, లింకు, నెలనెలా ఏర్పాటు. కార్డు మిషను వద్దన్నాను. ఇక మిగిలింది నంబరు. "పాత నంబరుకి ఆఖరిసారి ఓటీపీ వెళ్తుంది మేడమ్. అడిగి చెప్పండి, నేను కొడతాను" అని నొక్కింది.

ఫోను చేశాను. ఈసారి ఒక్క రింగుకి ఎత్తలేదు. చాలాసేపు మోగింది.

"నంబరు" అన్నాను.

"ఇందులో వేరేగా రాసుంది" అంది అక్క.

అంకెలు కాకుండా అది వేరే మాట మాట్లాడి ఎంత కాలమైందో. "ఏం రాసుంది?" అన్నాను.

చదివింది. "'ఈ ఖాతా నుంచి మీ నంబరును తొలగించడానికి' అని."

"అవును. డబ్బా పెడుతున్నారు కొట్టుకి. నంబరు ఇక్కడే ఉండాలట."

"ఎవరిది పెడుతున్నావ్?"

"నాదే. ఇంకెవరున్నారు ఇక్కడ?"

అంకెలు చదివింది. "అరవై రెండు." "అరవై రెండు." "పధ్నాలుగు." "పధ్నాలుగు." "డెబ్బై ఆరు." "డెబ్బై ఆరు." నేనంటుంటే ఆ పిల్ల కొట్టింది. ఎర్ర అక్షరాలొచ్చాయి.

"తప్పంటోంది మేడమ్. మళ్ళీ పంపుతున్నా."

అక్క మళ్ళీ చదివింది. నేను మళ్ళీ అన్నాను. మళ్ళీ ఎర్ర అక్షరాలు.

"మేడమ్, మూడోసారి కూడా తప్పైతే ఖాతా ఆపేస్తారు. అందులో పడినవి కూడా ఇప్పట్లో రావు" అంది ఆ పిల్ల. గొంతు తగ్గించి, "మీ అక్కగారికి చూపు సరిగ్గా ఆనదా?" అని అడిగింది.

మా అక్కకా! కొట్టు ఆ మూలనుంచి ఈ మూలకి టేపు మీద పావంగుళం గీత చదివే మనిషి. ఆ పద్ధతి పెట్టుకున్నాక ఒక్క కొలత తప్పు చెప్పి ఎరగదు. నాకప్పుడు తెలిసింది. కావాలని తప్పు చదువుతోంది. నేను ఇక్కడ లాగౌట్ నొక్కుకుంటూ కూర్చున్నట్టే, అది అక్కడ తప్పు అంకెలు చదువుకుంటూ కూర్చుంది.

తప్పే చదువక్కా అందామనిపించింది. నిజంగా అనిపించింది. ఖాతా ఆగిపోనీ, నర్సులు పోనీ, షట్టరు దించుకుని నేనూ ఎక్కడికో పోతాను. కానీ ఆ పిల్ల వేలు ఎత్తి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది. నర్సుల మూట నా మోచేతికి తగులుతోంది. నాకు తెలిసింది ఈ ఒక్క పనే, ఇది పోతే తినేదేంటి?

"అక్కా" అన్నాను. "సరిగ్గా చదువు."

పెట్టేసిందనుకున్నాను. తర్వాత చదివింది. రెండేసి కాదు, ఒక్కొక్క అంకే, చాలా మెల్లిగా. నేను ఒక్కొక్కటీ తిరిగి అన్నాను. ఆకుపచ్చ టిక్కు వచ్చింది.

"అయిందా?" అంది అక్క.

"అయింది."

"మంచిది. జాగ్రత్త" అని పెట్టేసింది.

పేమెంట్లమ్మాయి కంగ్రాట్స్ మేడమ్ అని చేయి కలిపింది. డబ్బాని ప్లగ్గులో పెట్టి, గొంతు ఆడదా మగదా, మెల్లిగానా గట్టిగానా అని అడిగింది. నీ ఇష్టం అన్నాను.

ఆ తర్వాత పని బ్రహ్మాండంగా సాగింది. చెప్పుకోవాలి కదా ఉన్న మాట. డబ్బు పడితే డబ్బా చెప్తుంది. యాప్ తెరిచే పనే లేదు. నర్సుల బట్టలు మూటలు మూటలుగా వస్తాయి, కొలతలు కాగితమ్ముక్క మీద రాసి పిన్ను పెట్టి పంపుతారు, మనిషి రాదు. లింకు పంపితే ఇంటినుంచే కట్టేసి ఎవరో డ్రైవరు చేత తెప్పించుకుంటారు. తెర లాగి ఎన్నాళ్ళయిందో. పొద్దున షట్టరెత్తి సాయంత్రం దించేలోపు నాతో మాట్లాడేది ఎక్కువగా ఆ డబ్బానే. ఒకటి రెండుసార్లు "ఆ, విన్నాలే" అని జవాబిచ్చాను కూడా. ఎవరైనా వింటే పిచ్చాసుపత్రికి పంపేవాళ్ళు.

ఒకరోజు పొద్దున్నుంచి ఒక్క మనిషీ లోపలికి రాలేదు. బయట ముసురు. వేళ్ళు ఊరుకోలేక ఫోను తీసి, యాప్ తెరిచి, ఆ మూలకెళ్ళి లాగౌట్ నొక్కాను. అలవాటు. నంబరుకి ఓటీపీ పంపాం అంది. అనీ అనకముందే నా చేతిలో ఫోనే కిర్రుమంది. ఆరు అంకెలు. నా ముందే ఉన్నాయి.

"యాభై ఎనిమిది" అని పైకి చదివాను.

ఎవరూ తిరిగి అనలేదు. మిగతా నాలుగు అంకెలు చదవలేకపోయాను. ఏడుపొచ్చింది. నర్సు చొక్కాలో మొహం పెట్టుకుని గట్టిగానే ఏడ్చాను. ఎవరు చూడొచ్చారు గనక?

ఏడుపు తగ్గాక కోపమొచ్చింది. అంత ప్రేమున్నది ఫోను చెయ్యొచ్చు కదా? తప్పు దానిది, ముందు అదే చెయ్యాలి. నేనెందుకు చెయ్యాలి, ఏమని చెయ్యాలి? దారం చుట్టే పాత బాబిన్ల డబ్బా ఎక్కడ పెట్టావని అడగనా? ఎక్కడుందో నాకు తెలుసు. పెద్ద కత్తెర ఎక్కడ సాన పట్టిస్తామని అడగనా? అదీ తెలుసు. దాన్ని అడగాల్సిన పని ఒక్కటంటే ఒక్కటి మిగల్లేదు. అన్నీ సవ్యంగా ఉన్నాయి, నా ఖర్మ.

కానీ రెండుసార్లు తప్పు చదివింది కదా. మా అక్క. ఒక పరాయి మనిషి వింటుండగా, అంకెలు చదవడం చేతకాని దానిలా. నేను సరిగ్గా చదవమంటే అప్పుడు చదివింది. ఇంతకంటే ముందుకి రమ్మంటే ఇంకెలా వస్తుంది? ఎంత మొండిదాన్నైనా ఆ మాత్రం తెలుస్తుంది నాకు.

ఫోను చేశాను.

మోగింది. ఎత్తలేదు. మోగుతూనే ఉంది. పెట్టేద్దామని బొటనవేలు కిందికి తెచ్చేసరికి ఎత్తింది. ఆయాసపడుతోంది.

"మెసేజేం రాలేదే" అంది. హలో లేదు, ఏం లేదు. "ఉండు, మళ్ళీ చూస్తా. లేదే, ఏం రాలేదు."

"రాదు. నంబరు నీది కాదుగా ఇప్పుడు."

"ఓ. అవును కదా. మరి?" అంది.

"మరి ఏంటి?"

"మరి ఎందుకు చేశావ్?"

నోటిదాకా ఏవేవో వచ్చాయి. బాబిన్లు, కత్తెర, అద్దె, అన్నీ వచ్చాయి. అన్నీ మింగేశాను.

"ఊరికే" అన్నాను.

"ఊరికేనా?"

"ఊరికేనే! చెయ్యకూడదా ఏం?" గొంతు పెద్దదైపోయింది, నా పాడు గొంతు.

అటువైపు ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది. జలుబు కాదు. అక్క జలుబు నాకు తెలుసు.

"ఉండవే" అంది. "పొయ్యి మీద పాలున్నాయి, కట్టేసి కుర్చీ తెచ్చుకుంటా. పెట్టెయ్యకు."

"పెట్టెయ్యను" అన్నాను.